మెరక మీద చోటు

మా ఊళ్ళో మూరెడు లోతు తవ్వితే నీరు ఊరుతుంది. వానాకాలంలో అంత లోతు కూడా అక్కర్లేదు. అందుచేత ఇల్లు కట్టాలన్నా, ధాన్యం నిలవ చేయాలన్నా, మనిషిని పూడ్చాలన్నా ముందుగా మెరక చూసుకోవాలి. మెరక అంటే కొండ కాదు, గుట్ట కూడా కాదు. ఏనాటివో ఇసకమేటలు గట్టిపడి, చుట్టూ ఉన్న పొలాలకంటే మనిషెత్తు పైకి లేచిన నేల. ముక్తేశ్వరం దగ్గర కాలవగట్టు పట్టుకుని లోపలికి వెళితే వచ్చే మా ఊరికి ఉత్తరాన అలాంటి మెరక ఒకటి ఉంది. దాని మీద కొన్ని కొబ్బరిచెట్లు, వాటి మధ్య మావాళ్ళ సమాధులు ఉన్నాయి.

మావాళ్ళంటే దూదేకులవాళ్ళు. ఊరంతా కలిపి పట్టుమని పది గడపలు ఉండేవి కావు. బూరుగుదూది ఏకి పరుపులూ దిళ్ళూ కుట్టడం మా వృత్తి. ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్ళం. పండగ నమాజుకు మగవాళ్ళు అమలాపురం వెళ్ళి వచ్చేవారు. చావుకు మాత్రం ఎక్కడికీ వెళ్ళనవసరం లేకుండా ఆ మెరక ఉండేది. దానికి పట్టా లేదు. రెవెన్యూ లెక్కల్లో అది ప్రభుత్వ పోరంబోకు. మా తాత తండ్రిని అక్కడే పెట్టారని చెప్పుకోవడం తప్ప దాని మీద మాకు వేరే హక్కేమీ కనబడదు.

మా అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. ఆమెను కూడా అక్కడే పెట్టారు. మాలో ఆడవాళ్ళు సమాధుల దగ్గరికి వెళ్ళరు. జనాజాను, అంటే శవాన్ని మోసుకువెళ్ళే పాడెను, గుమ్మం దాకా సాగనంపి ఆగిపోతారు. అందుచేత మా అమ్మ ఉన్న చోటు నాకు దూరంనుంచి కనిపించే కొబ్బరితలల గుంపు మాత్రమే. నాన్న మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. ఆమె పక్కన తనకు చోటు ఉంచమని మావాళ్ళందరికీ చెప్పిపెట్టుకున్నాడు. ఆ మాట నా దగ్గర ఎప్పుడూ అనలేదు. మా బాబాయి గారు చెబితే తెలిసింది.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. అమలాపురంలో డిగ్రీ, తరువాత రాజమండ్రిలో లా చదివాను. లాలో చేరానని తెలిసినప్పుడు పరుపు కుట్టించుకోవడానికి వచ్చిన ఒక ఆసామి, “పరుపుకి గలీబు తొడిగినట్టు పిల్లకి నల్లకోటు తొడుగుతున్నారేంటండీ సాయిబు గారూ” అన్నారు. నాన్న నవ్వి, గుడ్డ మాత్రం మంచిదే తీశానండీ అన్నాడు. ఆ ఆసామి కూడా నవ్వారు. ఆ రోజుల్లో మా అరుగు మీద అలాంటి మాటలు నడిచేవి. ఎవరికీ ముల్లు గుచ్చుకునేది కాదు.

లా కాలేజీలో ఒక వ్యాసం రాయమన్నారు. అల్పసంఖ్యాకుల హక్కులకు నిజమైన రక్షణ న్యాయమూర్తులా, చట్టసభలా అన్నది విషయం. నేను సంకోచం లేకుండా న్యాయమూర్తుల పక్షాన రాశాను. చట్టసభలో చేతులు లెక్కపెడతారనీ, న్యాయస్థానంలో కారణాలు చూస్తారనీ, చేతులు తక్కువ ఉన్నవాడికి కారణాలు చూసే చోటే దిక్కనీ నా వాదన. మా అధ్యాపకులు ఆ వాక్యం కింద గీత గీసి, బాగుంది కానీ ఆ న్యాయమూర్తి చేతిలో ఉన్న చట్టం ఎక్కడనుంచి వచ్చిందో కూడా రాయవలసిందని పక్కన రాశారు. నేను గీతను మాత్రమే చూసుకుని సంతోషించాను.

తొంభైల మధ్యలో అమలాపురంలో ఒక సివిల్ వకీలు గారి దగ్గర జూనియరుగా చేరాను. ఆయన దగ్గరకు వచ్చే కేసుల్లో సగం కొబ్బరిచెట్ల తగాదాలే. చెట్టు మొదలు ఒకరి గట్టున ఉంటుంది, తల మరొకరి దొడ్లోకి వంగుతుంది, కాయ ఎవరిదన్నది వివాదం. మా సీనియరు గారు ఆ కేసులను నవ్వకుండా వాదించేవారు. ఆఫీసుకు వచ్చాక నవ్వేవారు.

ఆ కాలంలోనే మా పంచాయతీకి మంచినీళ్ళ ట్యాంకు మంజూరైంది. మా ఊళ్ళో బావినీరు ఉప్పన. తాగేది కాలవనీరు. కాలవ కట్టేసిన వేసవిలో ఆడవాళ్ళు పక్కవూరి చెరువు దాకా బిందెలతో నడిచేవారు. నేను కూడా నడిచినదాన్నే. అందుచేత ట్యాంకు మాట వినగానే ఊరంతా ఎంత ఆశపడిందో నాకు వేరే చెప్పనవసరం లేదు. ట్యాంకుకు మెరక నేల కావాలి. ఊళ్ళో ఉన్న మెరకలన్నిటి మీదా ఇళ్ళు ఉన్నాయి, లేదా ఎవరివో తోటలు ఉన్నాయి. ప్రభుత్వ భూమి అని చూపించగలిగిన మెరక మాదొక్కటే.

బడి వరండాలో గ్రామసభ పెట్టారు. నాన్న వెళ్ళాడు. అప్పటి ప్రెసిడెంటు గారు వరి, కొబ్బరి సాగున్న రైతు, మర్యాదస్తులు. ఆయన ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళకూ పరుపులు కుట్టింది నాన్నే. సభలో ఆయన సాయిబుల దిబ్బ, అంటే మా మెరక, ట్యాంకుకు ఇవ్వాలనీ, అక్కడి సమాధులను కదిలించి, బదులుగా మురుగుకాలవ పక్కన పల్లంలో దానికి రెట్టింపు చోటు ఇవ్వాలనీ ప్రతిపాదించారట. రోడ్డు దగ్గర, విశాలం, ఎవరి తోటా దాటనక్కర్లేదు అని వివరించారట. అందరూ చేతులెత్తారు. మావాళ్ళలో సభకు వెళ్ళింది నాన్న ఒక్కడే. ఆయన చెయ్యి ఎత్తలేదు. కాదని కూడా అనలేదు.

ఇక్కడ మా ప్రాంతపు పద్ధతి ఒకటి చెప్పాలి. పదిమందిలో పెద్దమనిషి మాటను కాదనడం మా వైపు అమర్యాద. కాదనవలసినవాడు అక్కడ తల వంచుకుని ఊరుకుంటాడు. మర్నాడు పొద్దున్నే ఆ పెద్దమనిషి ఇంటికి వెళ్ళి, అరుగు మీద కూర్చుని, వేరే సంగతులు కొన్ని మాట్లాడి, చివరికి తన మాట చెప్పుకుంటాడు. పెద్దమనిషి కూడా దాన్ని ఆశిస్తాడు. సాయంత్రానికి ఏదో సర్దుబాటు జరుగుతుంది, ఎవరి తలా వంగదు. ఊరి తీర్మానాలన్నిటికీ అలా ఒక రాత్రి గడువు ఉండేది. నాన్న ఆ గడువునే నమ్ముకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన ప్రెసిడెంటు గారి అరుగు మీద ఉన్నాడు. కానీ స్థలం వివరాలు త్వరగా పంపకపోతే మంజూరు వెనక్కి పోతుందని అధికారులు తొందరపెట్టడంతో, సభ ముగియకముందే తీర్మానం రాసేశారు. ఏకగ్రీవం అని రాశారు. దాన్ని పట్టుకుని ప్రెసిడెంటు గారు మొదటి బస్సుకే అమలాపురం వెళ్ళిపోయారు. నాన్న మధ్యాహ్నం దాకా కూర్చుని, వాళ్ళు ఇచ్చిన మజ్జిగ తాగి, ఇంటికి వచ్చేశాడు.

ఆ ఆదివారం నేను ఇంటికి వెళ్ళినప్పుడు ఈ సంగతంతా చెప్పాడు. అక్కడే చెప్పవలసింది కదా అన్నాను.

“అంతమంది సంతోషంగా ఉన్నచోట కాదని ఎలాగంటాం అమ్మా? ఊరందరికీ నీళ్ళొస్తన్నాయి” అన్నాడు.

“మరి అమ్మ?”

నాన్న గోడకున్న విల్లు దించి దూది ఏకడం మొదలుపెట్టాడు. దూది ఏకుతున్నప్పుడు ఆ గదిలో మాట్లాడటం కుదరదు. ధ్వని ఒకటి, ఎగిరే నూగు ఒకటి. మాట్లాడకూడదనుకున్న రోజుల్లో ఆయన ఎక్కువ పని చేసేవాడు.

ముందు మా ప్రాంతపు శాసనసభ్యుల దగ్గరికి వెళ్ళాం. నేనూ, నాన్న, మా బాబాయి గారు. ఆయన కూర్చోబెట్టి టీ ఇప్పించి, మొత్తం విన్నారు. విసుక్కోలేదు. ఊరంతా ఒకే మాటగా తీర్మానం చేసి పంపించాక తాను వేరే మాట అనడం ఎలాగని అడిగారు. ఇంకో మెరక ఎవరైనా ఇస్తే స్థలం మార్పించే పూచీ తనదన్నారు. ఆయన చెప్పినదాంట్లో అన్యాయం నాకు కనబడలేదు. ఊరు పంపితే ఆయన అక్కడున్నారు. ఊరి మాటే ఆయన మాట. ఆ ఊళ్ళో మా మాట ఎక్కడుందన్నదే ప్రశ్న. తిరుగు బస్సులో నాన్న, “మంచిగా మాట్లాడేరు కదా” అని రెండుసార్లు అన్నాడు.

తరువాత మా సీనియరు గారికి చెప్పాను. ఆయన చాలా ప్రశ్నలు అడిగారు. ఎన్ని తరాలుగా పూడుస్తున్నారు, ఎవరైనా ఎప్పుడైనా అడ్డుపెట్టారా, సమాధులు గుర్తుపట్టేలా ఉన్నాయా. చివరికి కళ్ళజోడు తీసి, “గెలవొచ్చమ్మా. గెలిచేక ఆ ఊళ్ళో ఉండేది మాత్రం నేను కాదు, మీ నాన్న గారు. ఆయన్ని అడుగు” అన్నారు.

నేను ఉత్సాహంగా నా వ్యాసంలోని మాటలే ఆయనకు అప్పచెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. “ఆచారంగా వచ్చే హక్కుని గుర్తించమని రాసిందెవరు? చట్టసభే. చేతులెత్తేవాళ్ళే ఒకప్పుడు కూర్చుని రాసేరు. జడ్జి గారు దాన్ని మనకి చదివిపెడతారు, అంతే” అన్నారు. తరువాత, అయితే రాసినవాళ్ళే మరిచిపోయినప్పుడు చదివిపెట్టే మనిషి ఒకడు ఉండాలి కదా అని తానే ఒప్పుకున్నారు.

నాన్నను ఒప్పించడం తేలిక కాలేదు. మావాళ్ళలో సగంమంది వద్దన్నారు. ఊరితో పెట్టుకుని దూదేకులవాడు ఎక్కడ బతుకుతాడని వాళ్ళ భయం. చాలా రోజులకు, ఒక సాయంత్రం నాన్న అమలాపురంలో నా గదికి వచ్చాడు. ఆయన అక్కడికి రావడం అరుదు. మంచం చివర కూర్చుని, “మీ అమ్మని కదిలిస్తారటమ్మా. ఎముకలేరి గోనెలో ఏస్తారో, ఏం చేస్తారో. అది నేను చూళ్ళేను. కేసెయ్యి” అన్నాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. దావాలో మొదటి వాది ఆయనే.

కోర్టువారు స్థలం చూసి రావడానికి ఒక వకీలు గారిని కమిషనరుగా నియమించారు. శ్రావణమాసంలో ఒక ఉదయం ఆయన వచ్చారు. మా సీనియరు గారికి జ్వరం కావడంతో వాదుల తరఫున నేను వెళ్ళవలసి వచ్చింది. నల్లకోటు వేసుకుని, చెప్పులు చేత పట్టుకుని, గట్టు మీదుగా నడిచి, మా ఆడవాళ్ళలో ఎవరూ ఎక్కని ఆ మెరక ఎక్కాను. మా బాబాయి గారు మొహం తిప్పుకున్నారు గానీ అభ్యంతరం చెప్పలేదు. కోటు ఉంది, కోర్టుపని ఉంది.

పైన నేల మెత్తగా, పొడిగా ఉంది. వానాకాలంలో కూడా పాదాలకు బురద అంటలేదు. సమాధులకు రాళ్ళు లేవు. చుట్టూ ఇంటిపెంకులు నిలువుగా గుచ్చి హద్దు పెట్టారు. కమిషనరు గారు కొలతలు తీయమన్నారు. కొలటేపు కొస పట్టుకోవడానికి మనిషి చాలక నన్ను పట్టుకోమన్నారు. నేను కొస పట్టుకుని ఆయన చూపించిన చోటికి వెళ్ళి నిలబడ్డాను. నాన్న దూరంనుంచి నా వైపే చూస్తూ, నా కాళ్ళ పక్కనున్న పెంకుల వరుసను గడ్డంతో చూపించాడు. అది అమ్మ చోటని అప్పుడు అర్థమైంది. టేపు బిగువుగా పట్టుకోమని కమిషనరు గారు కేకేశారు. పట్టుకున్నాను. అంతకుమించి అక్కడ నేను చేయగలిగింది లేదు. ఒక ప్రార్థన చదవడానికి కూడా నాకు ఆ క్షణంలో హోదా లేదనిపించింది. నేను ఆ స్థలానికి కూతురిగా రాలేదు.

తరువాత అందరం పల్లం దగ్గరికి వెళ్ళాం. అక్కడ గొయ్యి తవ్వమన్నారు. మోకాలి లోతు రాకముందే నాలుగు వైపులనుంచీ నీరు చిమ్మి, చూస్తుండగానే నిండింది. చూడ్డానికి వచ్చిన రైతుల్లో ఒకరు, “ఇందులో పెడితే మనిషి తేల్తాడండీ” అన్నారు. పక్కాయన, “ఊరుకోవోయ్” అని కసిరారు. ఎవరూ నవ్వలేదు.

ప్రెసిడెంటు గారు ఆ గోతి అంచున కాసేపు నిలబడ్డారు. ఆయన ముఖంలో కోపం లేదు. “మట్టి తోలించుకుంటే ఇల్లు కట్టుకోడానికి ఇంత చోటు ఊళ్ళో లేదనుకున్నానండీ” అని కమిషనరు గారితో అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదని నా నమ్మకం. పల్లం పూడ్చి ఇల్లు కట్టుకోవడం మా కోనసీమలో అందరికీ తెలిసిన పని. ఇల్లు నేల పైన ఉంటుంది. వాళ్ళు తమలో చనిపోయినవాళ్ళను కాలుస్తారు. మా చివరి ఇల్లు నేల లోపల ఉంటుందన్న ఆలోచన, చేతులెత్తిన అంతమందిలో ఒక్కరికీ రాలేదు. చెప్పగలిగిన ఒక్కడూ తల వంచుకుని ఊరుకున్నాడు.

విచారణ రోజున నాన్న బోనెక్కాడు. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకున్నాడు. ఎదుటి వకీలు గారు మర్యాదగానే అడిగారు. సభకు వెళ్ళారా అంటే, ఆయ్ వెళ్ళానండీ అన్నాడు. ఎవరైనా నోరు నొక్కారా అంటే, లేదండీ. అభ్యంతరం చెప్పారా అంటే, లేదండీ. ఆ మూడు జవాబులతో మా కేసు అయిపోయిందనే అనుకున్నాను. మా సీనియరు గారు కాగితాల వంక చూస్తున్నారు.

అప్పుడు జడ్జి గారు కలం కింద పెట్టారు. ఆయన రాయలసీమవారు, మా ప్రాంతానికి కొత్త.

“ఎందుకు చెప్పలేదు?” అని అడిగారు.

“అందరూ ఉన్నారండీ” అన్నాడు నాన్న.

“ఇక్కడ కూడా అందరూ ఉన్నారు కదా. ఇప్పుడు నేను అడుగుతున్నాను. ఆ సమాధులు తీసేయడం మీకు ఇష్టమేనా?”

నాన్న వెనక బల్ల మీద కూర్చున్న ప్రెసిడెంటు గారి వైపు తిరిగి, రెండు చేతులూ జోడించాడు. కోర్టు జవాను ఇటు తిరగమని సైగ చేశాడు. నాన్న ఇటు తిరిగి, “ఇష్టం లేదండీ” అన్నాడు. గొంతు చాలా చిన్నగా వచ్చింది. జడ్జి గారు మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ చెప్పాడు.

నా జీవితంలో మా నాన్న పదిమందిలో ఒక మాటను కాదనడం ఆ రోజే చూశాను.

తీర్పు మాకు అనుకూలంగా వచ్చింది. మెరక మీది సమాధులను కదిలించకూడదని పంచాయతీకి శాశ్వతంగా నిషేధం ఇచ్చారు. ఎవరిలోనూ దురుద్దేశం కనబడలేదని కూడా జడ్జి గారు రాశారు. గుంపులో ఒకడు మాట్లాడకపోవడాన్ని అంగీకారంగా తీసుకోలేమని రాశారు. నేను ఆ పేజీని చాలాసార్లు చదువుకున్నాను. పంచాయతీ అప్పీలుకు వెళ్ళలేదు. తీర్పు నకలు మా చేతికి వచ్చేసరికి జడ్జి గారికి బదిలీ అయింది. ఆయన మా ఊరు ఎప్పుడూ చూడలేదు.

ట్యాంకు పక్కవూరికి వెళ్ళిపోయింది.

మా ఇల్లు కాలవరేవుకు వెళ్ళే దారిలో ఉంది. పూర్వం ఆడవాళ్ళు నీళ్ళు మోసుకువస్తూ మా అరుగు మీద బిందెలు దించి, అలుపు తీర్చుకుని, నాన్నతో నాలుగు మాటలు ఆడి వెళ్ళేవారు. తీర్పు తరువాత దారికి అవతలి పక్కనుంచి నడవడం మొదలుపెట్టారు. ఒక్కరూ ఒక్క మాట అనలేదు. దారి ఇరుకు, అవతలి పక్క బురద. అయినా అటే నడిచారు. వేసవిలో కాలవ కట్టేశాక పక్కవూరి కొత్త ట్యాంకు కుళాయిల దాకా వెళ్ళి తెచ్చుకునేవారు. నాన్న అరుగు మీద కూర్చుని వాళ్ళను చూస్తూ ఉండేవాడు. కొన్నాళ్ళకు అరుగు మీద కూర్చోవడం మానేసి, గది లోపలే పని చేసుకున్నాడు.

పరుపుల పని కూడా తగ్గింది. అది కోపంవల్ల తగ్గిందో, అమలాపురంలో ఫోం పరుపుల దుకాణాలు వచ్చి తగ్గిందో ఇప్పటికీ చెప్పలేను. రెండు కారణాలూ ఒకే సమయంలో రావడంతో ఎవరినీ తప్పుపట్టడానికి లేకపోయింది. ఆదివారాలు నేను బిందె తీసుకుని రేవుకు వెళితే అక్కడి మాటలు ఆగిపోయేవి. ఒకసారి మాత్రం ఒకావిడ, “లాయరమ్మ గారికి కోర్టువారు నీళ్ళు పంపలేదేంటో” అన్నారు, నాతో కాదు, పక్కావిడతో. ఇద్దరూ నవ్వుకున్నారు. నేను బిందె ముంచుకుని వచ్చేశాను. ఆమె నాకు పలకాబలపం రోజులనుంచీ తెలిసిన మనిషి. ఆమె చంటిపిల్లకు ఆ వేసవిలో నీళ్ళ విరేచనాలు పట్టి ఆసుపత్రిలో ఉందని తరువాత తెలిసింది.

ఒకరోజు ఆఫీసులో మా సీనియరు గారితో ఈ సంగతి చెప్పాను. తీర్పు అమలవుతోంది, ఎవరూ మెరక జోలికి రావడం లేదు, అయినా మా గడప ఎవరూ తొక్కడం లేదని అన్నాను. ఆయన ఫైలు మీదనుంచి తల ఎత్తకుండానే, “ఆ రిలీఫు మనం దావాలో అడగలేదమ్మా” అన్నారు. తరువాత తల ఎత్తి నా ముఖం చూసి, కాఫీ తెప్పించారు.

నా పెళ్ళి మాటలు కొన్ని వచ్చి, నడవలేదు. కోర్టుకెక్కిన పిల్ల అని మావాళ్ళలోనే కొందరు వెనకాడారు. నేను అమలాపురంలో గది తీసుకుని ప్రాక్టీసు చేసుకున్నాను. ఊరికి వారానికోసారి వెళ్ళేదాన్ని, తరువాత నెలకోసారి. ఆ ఇంట్లో నాన్న, అమలాపురం గదిలో నేను, ఇద్దరం విడివిడిగా వండుకుని తిన్నాం. ఉండటానికి రమ్మంటే ఆయన రాలేదు. మెరక కనిపించని చోట ఉండలేనన్నాడు.

రెండువేల సంవత్సరం దాటాక కొత్త పంచాయతీ వచ్చింది. ఊళ్ళో ఒక కుటుంబం బడి వెనక తమ తోటలో కొంత నేల ఇచ్చింది. ట్యాంకు కట్టారు. కుళాయి గొట్టాలు వేసేటప్పుడు మా గడపలున్న వీధి చివర వరకూ వేయాలని ఒక యువ వార్డు మెంబరు అడిగారట, సభలో చేతులెత్తారట. నాన్న ఆ సభకు వెళ్ళలేదు. కుళాయి మాత్రం మా ఇంటి ముందుకు వచ్చింది. దాన్ని ఏ కోర్టూ ఆదేశించలేదు. ఏ కోర్టూ ఆదేశించగలిగేది కూడా కాదు.

ఆనాటి నా వ్యాసాన్ని ఇప్పుడు రాయమంటే ఎలా రాస్తానో కచ్చితంగా చెప్పలేను. న్యాయస్థానం లేకపోతే మా అమ్మ ఎముకలు గోనెసంచిలోకి వెళ్ళేవి; అందులో నాకు సందేహం లేదు. జడ్జి గారు మమ్మల్ని ఎరగరు కాబట్టే నాన్నను అడగగలిగారు. ఊరు నాన్నను బాగా ఎరుగును కాబట్టి, ఆయన ఒప్పుకున్నాడనుకుంది. కానీ అడగడం అయ్యాక జడ్జి గారు వెళ్ళిపోతారు. మిగిలేది ఊరు. దానితో మళ్ళీ మాట కలపడానికి చేతులెత్తే సభే కావాలి, దానికి ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళు ఒక మనిషి వయసులోనుంచి పోతాయి. నా వ్యాసంలో ఈ ఖర్చు నేను రాయలేదు. ఏ పుస్తకంలోనూ చూసిన గుర్తు లేదు.

కొన్నేళ్ళకు నాన్న పోయాడు. ఆశ్వయుజమాసం, ఎడతెగని వాన. నేను అమలాపురంనుంచి వచ్చేసరికి మావాళ్ళందరూ చేరి ఉన్నారు. స్నానం, గుడ్డ చుట్టడం, ప్రార్థన అన్నీ జరిగాయి. నాకు అన్నదమ్ములు లేరు. జనాజా లేవబోయే ముందు బాబాయి గారిని పక్కకు పిలిచి, మెరక దాకా నేను కూడా వస్తానని అడిగాను. పైకి ఎక్కను, అంచున నిలబడతానని చెప్పాను.

“ఆడవాళ్ళు రారమ్మా” అన్నారాయన.

“నేను ఒకసారి వచ్చాను కదా బాబాయి గారూ.”

“అప్పుడు కోర్టుపని మీద వచ్చేవు. ఇప్పుడు కూతురివి.”

ఆయన కఠినంగా అనలేదు. ఏడుస్తూ అన్నారు. చుట్టూ ఉన్న మగవాళ్ళు అవునన్నారు. నాకంటే చిన్నవాళ్ళు కూడా అన్నారు. లోపలినుంచి మా పిన్ని, “పద్ధతి కాదమ్మా, లోపలికి రా” అని పిలిచింది. ఆ వాకిట్లో నా పక్షాన ఎత్తే చెయ్యి ఒక్కటీ లేదు. మా కొద్ది గడపల్లోనూ నేను ఒక్కదాన్నే మళ్ళీ అల్పసంఖ్యాకురాలినని అప్పుడు తెలిసింది. చట్టం నాకు తెలుసు. నా వాదన ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలుసు. కానీ వానలో, ఆ జారుడు గట్టు మీద, నాన్నను మోయవలసిన భుజాలు అవే. నేను గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను.

అప్పుడు పాత ప్రెసిడెంటు గారు వచ్చారు. కేసు తరువాత ఆయన మా ఇంటికి రావడం అదే మొదలు. బాగా పెద్దవారైపోయారు. వెంట మరో నలుగురైదుగురు రైతులు, గొడుగులు మడిచి చంకన పెట్టుకుని ఉన్నారు. ఆయన బాబాయి గారి దగ్గరికి వెళ్ళి, “మేం కూడా పట్టొచ్చాండీ?” అని అడిగారు. బాబాయి గారు, “ఆయ్, రండి” అని పక్కకు జరిగారు. అందరూ ఎత్తుకున్నారు. దారి మలుపు తిరిగేవరకూ నేను చూశాను. మెరకను ట్యాంకుకు ఇమ్మని తీర్మానం పెట్టిన మనిషి భుజం మీద మా నాన్న ఆ మెరకకు వెళ్ళాడు. నేను ఇంటి దగ్గర ఉన్నాను.

వాళ్ళు తిరిగి వచ్చేసరికి వాన కొంచెం తగ్గింది. మావాళ్ళు కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళారు. ప్రెసిడెంటు గారు లోపలికి రాలేదు. మోకాళ్ళదాకా బురదతో గుమ్మం ఎదురుగా నిలబడి, నేను అడగకముందే చెప్పారు.

“అమ్మ పక్కనే పెట్టేరమ్మా. ఇంత వానలోనూ లోపల ఇసక పొడిగానే ఉంది. నేను చెయ్యెట్టి చూసేను.”

“ఏ పక్కనండీ?” అని అడిగాను.

ఆయన వెనక్కి తిరిగి మెరక వైపు చూసి, గాలిలో చేత్తో ఏదో కొలుచుకుని, “కాలవ వైపమ్మా” అన్నారు. తరువాత గొడుగు విప్పుకుని వెళ్ళిపోయారు.

లోపల పిన్ని అన్నానికి పిలుస్తోంది. ఆ మెరక నేను ఎక్కింది ఒక్కసారే. అదీ టేపు కొస పట్టుకుని. అమ్మ పెంకుల వరుసకు కాలవ ఏ వైపున ఉండేదో గుర్తు తెచ్చుకుంటూ గుమ్మంలోనే చాలాసేపు నిలబడ్డాను.